పొడుగు చేంతాడు

మురుగమల్ల,
ఆదివారం.

అన్న నారాయణప్పకు, వదినమ్మకు తమ్ముడు క్రిష్టప్ప దండం పెట్టి రాసుకుంటున్నది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. ఒళ్ళు బాగుంది, జ్వరం గిరం ఏమీ లేదు, రెండు పూటలా తింటున్నాను. మీరిద్దరూ బాగున్నారని, ఎద్దులూ గొర్రెలూ బాగున్నాయని తలుస్తాను. వదినమ్మకు భుజం నొప్పి తగ్గిందా? మైలు దూరం కదిరప్ప మామ బావి దాకా పోయి కడవ మోసుకొచ్చే మనిషికి ఎట్లా తగ్గుతుందిలే. అడగడం నా బుద్ధితక్కువ.

వదినమ్మా, ఈ ఉత్తరం చదివేది నువ్వే కదా. ఒక్క ముక్క కూడా వదలకుండా అన్నకు చదివి వినిపించు. మధ్యలో ఆయన "చాల్లే, పొయ్యిలో పారెయ్" అంటాడు. పారేయొద్దు. ఇది గురువారం లోపల మీ ఇద్దరి చెవినా పడాలి. అందుకే టపాలో వేయకుండా బస్సు కండక్టరు చేతికిచ్చి, మిట్టేమరిలో శెట్టి అంగడిలో ఇమ్మని చెప్పినాను. దీనితోపాటు గుడ్డలో చుట్టిన చిన్న పొట్లం కూడా ఉంటుంది. అది ఇప్పుడే విప్పకండి. ఉత్తరం అయినాక విప్పండి.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. పోయిన ఉత్తరంలో నేను రాసిందంతా తప్పు. నాకు జీతమిచ్చే ఈ సంఘంవాళ్ళు నీళ్ళు లేని ఊళ్ళకు బావులు తవ్విస్తారు, మన పల్లెకూ తవ్వించేవాళ్ళే, నేనే అడ్డం పడ్డాను. ఈ మాట మీరు నమ్మరు. ఎందుకు నమ్మరో కూడా నాకు తెలుసు. ఆ ఉత్తరం చివర నేనే రాసినాను కదా, "నా రాతతోనే ఇంకో ఉత్తరం వచ్చి, ఉన్నది ఉన్నట్టు చెప్పేయమని ఉంటే, నా మెడ మీద కత్తి పెట్టి రాయించినారనుకో, నమ్మొద్దు" అని! ఇది ఆ ఇంకో ఉత్తరమే. కత్తి లేదన్నా. నా ఎదురుగా హోటలువాడి పిల్లి తప్ప ఎవరూ లేరు.

ఆ పిల్లి సంగతితోనే మొదలుపెడతాను, నేను ఎంత అనుమానం మనిషినో అది చెబుతుంది. సంఘంవాళ్ళు పిల్లలకు పంచడానికి పాలపొడి డబ్బాలు తెప్పించినారు. వచ్చిన మొదటి వారం నాకు కూడా ఒక గ్లాసు కలిపి ఇచ్చినారు. ఊరూ పేరూ తెలియని పొడి, ఎవరో ఎక్కడి నుంచో ఊరికే పంపిస్తారా? నేను తాగినట్టు నటించి ఈ పిల్లికి పోసినాను. మూడు రోజులు దాని వెనకాలే తిరిగి చూసినాను, చస్తుందా, మతిపోతుందా అని. అది చావలేదు. లావెక్కింది. ఇప్పుడు నన్ను వదిలిపెట్టదు.

ఇక్కడి కాపురం గురించి వదినమ్మ అడిగింది. దర్గా వీధిలో ఒక అంగడి వెనక గది ఇచ్చినారు. దర్గాకు వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళతో వీధి ఎప్పుడూ సందడే, కానీ అందులో నన్ను పేరుపెట్టి పిలిచేవాడు ఒక్కడు లేడు. పగలు బాగానే గడుస్తుంది. అన్నం దగ్గర కూర్చున్నప్పుడు మాత్రం మీరు గుర్తొస్తారు. హోటల్లో ముద్ద చేస్తారు కానీ రాగిపిండి సరిగా ఉడకదు, పళ్ళకు అంటుకుంటుంది. వదినమ్మా, ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త చెనక్కాయల పొడి పంపించు. ఎండలు ఇక్కడ కూడా మండిపోతున్నాయి. ఉగాది పోయినాక మూడు చినుకులు పడ్డాయి, దుమ్ము కూడా అణగలేదు.

పని సంగతి. సంఘానికి ఇక్కడ పెద్ద అనంతయ్యగారు. మైసూరు వైపు మనిషి, తల నెరిసింది, తెలుగు రాదు. ఆయన కన్నడంలో అడిగితే నేను ఊరివాళ్ళను తెలుగులో అడగాలి. వాళ్ళు చెప్పింది కన్నడంలో నోటుబుక్కులో రాయాలి. మిడిల్ స్కూలు చదువు ఇన్నాళ్ళకు అక్కరకు వచ్చింది. ఏం పండిస్తారు, పండింది ఎన్ని నెలలకు వస్తుంది, మిగతా నెలలు ఎక్కడికి పోతారు, గొడ్లు ఎన్ని, నీళ్ళు ఎన్ని మనిషి నిలువుల లోతులో ఉన్నాయి. ఇవీ ఆయన ప్రశ్నలు. పన్ను లెక్కలు రాసే శానుభోగు వస్తున్నాడంటే చాలు మన నాయన గొర్రెలను కొండమీదికి తోలేవాడు. ఆ నాయన కొడుకును, ఈ ప్రశ్నలు వింటే నాకు ఎట్లుంటుంది చెప్పు!

మూడు తాలూకాలూ జీపులో తిప్పినారన్నా. చిక్కబళ్ళాపురం వైపు నందికొండ దిగువన బావిలోకి వంగితే నీళ్ళు కనబడతాయి. ఉర్లగడ్డలు పండించి మూటలు కట్టి రైలుకెక్కిస్తారు. ఇటు చింతామణిలో చెరువుల కింద వరి, ఇళ్ళల్లో పట్టుపురుగులు. పురుగుల తట్టలకు ఇల్లంతా ఇచ్చేసి మనుషులు అరుగు మీద పడుకుంటారు. మన బాగేపల్లి వైపు నీకు తెలిసిందేగా, బండలు, ఉలవలు, చెనక్కాయలు, చిత్రావతిలో ఇసుక. ఆ రెండు వైపులవాళ్ళు ఎట్లా బతుకుతున్నారో చూస్తే నాకు మన మీదే జాలేసింది. అయినా మన ఊరి నీళ్ళ కరువు గురించి నోరు విప్పలేదు.

నిజం ఎవరు చెబుతారన్నా? ఒక ఊళ్ళో ఒక రైతును ఎద్దులు ఎన్ని అని అడిగితే ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పనిచేసినాడు.

"యాడివప్పా ఎద్దులు? మేమే మెడకు కాడి కట్టుకోని దున్నుకుంటాండాము."

ఆ మాట నోట్లో ఉండగానే ఇంటి వెనక నుంచి ఎద్దు అంబా అని అరిచింది.

"మరి అదేంది?" అన్నాను.

"అది పక్కింటోళ్ళదప్పా. మమ్మల్ని పలకరించి పోదామని వచ్చిండాది."

నేను ముఖం కదలకుండా "ఎద్దులు లేవు" అని రాసినాను. ఎవరైనా నిజం చెప్పబోతే నేనే కళ్ళతో గదమాయించేవాణ్ణి. జీతం వాళ్ళది తింటూ పని ఇట్లా చేసినాను.

నా అనుమానం ముదిరింది ఎర్ర పెన్సిల్ దగ్గర. అనంతయ్యగారి గదిలో గోడకు మూడు తాలూకాల మ్యాపు ఉంది. తిరిగి వచ్చినప్పుడల్లా ఆయన కొన్ని ఊళ్ళకు పచ్చ రంగు, కొన్నింటికి ఎర్ర రంగు వేసేవాడు. నీళ్ళు లేవని చెప్పిన ఊళ్ళకు ఎరుపు. ఆ ఎర్ర ఊళ్ళకు తరువాతి వారం గొలుసులు తీసుకుని మనుషులు పోయి భూమి కొలిచేవాళ్ళు. ఎందుకు కొలుస్తున్నారయ్యా అని టీ అంగడిలో అంటే, గాజులు అమ్మే ఒకాయన నన్ను పక్కకు లాగినాడు.

"ఎర్రగీత పడిందంటే బీడని రాసేస్తారప్పా. నీళ్ళు లేని భూమి నీకెందుకని సర్కారుకు కట్టేస్తారు. ఊరోళ్ళను యాడికో తోలేస్తారు. నాకు తెలుసు."

ఆయనకు ఎట్లా తెలుసు అని నేను అడగలేదు చూడు! పాలపొడిని మూడు రోజులు పరీక్ష చేసినవాణ్ణి, గాజులాయన మాటను ఒక్క గుక్కలో తాగేసినాను. ఆ కంగారులోనే మీకు ఆ ఉత్తరం రాసినాను. గొర్రెలను కొండకు తోలమన్నాను. మన చేదబావి ఎనిమిది నిలువుల లోతున ఎండిపోయిందని తెలియకుండా పొడుగు చేంతాడు అటక మీద దాచి, గిలకకు పొట్టి తాడు వేయమన్నాను. రాయి వేసి చూస్తారు, అడుగున నీళ్ళ చప్పుడు రావాలి, కాబట్టి వాళ్ళు వచ్చే పొద్దుకు బావిలో నీళ్ళు పోయమని కూడా రాసినాను.

అనంతయ్యగారు మన పల్లెకు పోయేటప్పుడు నన్ను తీసుకుపోలేదు, తెలుగు చెప్పడానికి ఇంకొకణ్ణి పిలుచుకుపోయినాడు. "నీ ఊరు కదా, నువ్వు రాకూడదు" అన్నాడు. దానికీ అనుమానమే నాకు. సాయంత్రం తిరిగి వచ్చి, "మీ అన్న మర్యాదస్తుడయ్యా, మజ్జిగ ఇచ్చినాడు. మీకు నీళ్ళ కరువు లేదు" అన్నాడు. నా గుండెల మీది బండ దిగిపోయింది. ఆ పూట ముద్ద ఇంకోటి అడిగి తిన్నాను. తరువాత వదినమ్మ జాబు వచ్చింది. "నువ్వు చెప్పినట్టే పద్నాలుగు కడవలు కదిరప్ప మామ బావి నుంచి తెచ్చి మన బావిలో పోసినాను, భుజం పట్టేసింది" అని. చదివి నవ్వుకున్నాను వదినమ్మా. మా వదిన ఎంత గట్టిది, ఎట్లా బురిడీ కొట్టించింది అనుకున్నాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే సిగ్గేస్తోంది.

ఎందుకంటే, ఆ తరువాత నన్ను గుట్టకిందపల్లెకు పంపించినారు. అది ఎర్రగీత పడిన ఊరు. పడేటట్టు చేసింది సుబ్బమ్మవ్వ అని ఒక ముసలామె. మేము మొదటిసారి పోయినప్పుడు ఊరంతా నీళ్ళు పుష్కలం అంటుంటే, ఆమె చేంతాడు తెచ్చి అనంతయ్యగారి చేతిలో పెట్టింది.

"ఎన్ని నిలువులని నన్నడిగేదేంది? పట్టుకో. నువ్వే చేదు. నా కడవ నింపినాక నువ్వే రాసుకో."

ఆయన చొక్కా విప్పి పక్కన పెట్టి నిజంగానే చేదినాడు. అరగంటకు అర బొక్కెన బురద వచ్చింది. నేను ఆమె వైపు కళ్ళెర్రజేసి చూస్తూనే ఉన్నాను. అయ్యో అవ్వా, నోరు జారి ఊరినే పోగొట్టినావే అనుకున్నాను.

ఈసారి అక్కడికి పోతూ పోలీసులు, బండ్లు ఉంటాయనుకున్నాను. ఉన్నది బావులు తవ్వే ఒడ్డెవాళ్ళు. గొలుసులతో కొలిచింది బావికి చోటు చూడడానికన్నా, ఇంకెందుకూ కాదు! బండకు మందు పెట్టి పేల్చినారు, మట్టి మోసినారు. పదకొండో రోజు అడుగున చెమ్మ కనబడింది. మధ్యాహ్నానికి ఊట తన్నుకొచ్చింది. ఊరివాళ్ళు ఈలలు వేసినారు. సుబ్బమ్మవ్వ మాత్రం పైకి వచ్చిన తట్టలో బురద వేలితో తీసి నాలుక మీద వేసుకుంది. "ఉప్పు లేదు" అంది. తరువాత నా దగ్గరికి వచ్చింది.

"ఏమప్పా, ఆ పొద్దు నన్ను అట్ల ఉరిమి ఉరిమి చూస్తాంటివే, ఎందుకు?"

"నోరు మూసుకోమని అవ్వా."

"మీ ఊరోళ్ళు మూసుకున్యారా?"

"మూసుకున్యారు."

"పాపం" అంది ఆమె.

తిట్టినా బాగుండేదన్నా. జీపులో తిరిగి వస్తూ దారి పొడుగునా నాకు ఆ పద్నాలుగు కడవలే కళ్ళముందు. ఉన్న నీళ్ళు మోసుకుపోయి ఎండిన బావిలో పోయించినాను వదినమ్మతో. గదిలోకి పోయి మ్యాపు చూస్తే మన పల్లె పచ్చగా ఉంది. చుట్టూ ఎక్కడా లేనంత పచ్చగా, గట్టిగా రుద్ది మరీ వేసినాడు.

అనంతయ్యగారికి అంతా చెప్పేసినాను. పొట్టి తాడు, పోసిన నీళ్ళు, ఉత్తరం, చివరికి పక్కింటి ఎద్దు కూడా. ఉద్యోగం పోతుందనుకున్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నోటిమాట నేను ఎప్పుడూ నమ్మను క్రిష్టప్పా. తాడు చూసి రాస్తాను. తాడు చేతా అబద్ధం చెప్పించినారే మీరు" అన్నాడు.

ఈ వేసవికి బాగేపల్లి తాలూకాలో తవ్వించేది ఇంక ఒక్క బావే. వేరే ఊరి పేరు రాసి పెట్టినారు. బతిమాలితే, గురువారం మన పల్లెకు మళ్ళీ వస్తానన్నాడు. బావి దగ్గర నిలబడి, ఏ తాడు ఉంటే ఆ తాడు చూసి రాస్తాడు. పొట్టిది ఉంటే పచ్చ అట్లే ఉంటుంది, బావి అవతలి ఊరికి పోతుంది. నేను రెండు రోజులు సెలవు అడిగినాను. "నువ్వు పోయి తాడు మారిస్తే, క్రిష్టప్ప తన ఊరికి బావి వేయించుకున్నాడంటారు. పోవద్దు. నిజం చూపించమని ఉత్తరం రాసుకో, అది తప్పు కాదు" అన్నాడు. అందుకని నేను రాలేను, ఈ కాగితమే రావాలి.

నా అనుమానం పూర్తిగా పోయిందని అనుకోవద్దు. పుట్టుకతో వచ్చింది పదకొండు రోజుల్లో పోతుందా? మీకేం లాభమయ్యా అని అనంతయ్యగారిని మొహం మీదే అడిగినాను. "నాకు జీతం వస్తుంది, ఊరికి నీళ్ళు వస్తాయి, ఇంకేం కావాలి నీకు?" అని కసురుకున్నాడు. ఆ జవాబు నాకు సగమే నచ్చింది. కాబట్టి బావికి చోటు ఇస్తామని ఆయన తెచ్చే కాగితం మీద అన్న వేలిముద్ర వేసే ముందు వదినమ్మ దాన్ని రెండుసార్లు చదవాలి. మన చేను మూలన బావికి పట్టే చోటు తప్ప ఇంకేమైనా రాసి ఉంటే వేయొద్దు. సంఘంవాళ్ళ షరతు కూడా ఒకటి ఉంది, ముందే చెబుతున్నాను. ఆ బావిలో ఊళ్ళో అందరూ చేదుకోవాలి, ఏ వీధివాళ్ళైనా సరే. అన్నకు కోపం వస్తుందని తెలుసు. వస్తే రానీ. మైలు దూరం కడవ మోసేది ఆయన కాదు కదా. వదినమ్మా, ఈ ముక్క కాస్త గట్టిగా చదువు.

కదిరప్ప మామకు, అత్తకు నా దండాలు చెప్పండి. ఆయన నీళ్ళు తెచ్చి మన బావిలో పోయించిన సంగతి ఆయనకు నేనే వచ్చి చెప్పుకుంటాను, మీరు చెప్పొద్దు. ఇంటి దేవుడికి నా పేరున ఒక టెంకాయ కొట్టండి. నన్ను తిట్టుకోండి, కానీ తిట్టినాక చల్లగా ఉండమని కూడా ఒక మాట అనండి.

ఇప్పుడు పొట్లం విప్పన్నా. అందులో జానెడు తాడు ముక్క ఉంటుంది. రెండు తాళ్ళ కొసలు మూడేసి పాయలుగా విడదీసి, ముడి లేకుండా ఒకదానిలో ఒకటి పేనినాను. గిలకలో ఇరుక్కోకుండా నాయన మన ఇద్దరికీ నేర్పింది ఇదే. కానీ నాది ఎడమ చెయ్యి కదా, నేను పేనితే పురి ఎదురు తిరుగుతుంది. నాయన ఎన్నిసార్లు కొట్టినా అది మారలేదు. రాత ఎవరైనా రాయించవచ్చు, రాతను చూసి ఇంకొకరు రాయనూవచ్చు. ఈ పురి మాత్రం ఇంకెవరి చేతా కాదు. మెడ మీద కత్తి ఉన్నవాడి చెయ్యి ఇంత నున్నగా పేనలేదు కూడా, వేలు పెట్టి చూసుకో.

నమ్మకం లేకపోతే పొడుగు చేంతాడులో ఉన్న అతుకుతో పోల్చి చూడు, అదీ నేను పేనిందే. అటకెక్కి దాన్ని కిందికి దించు. రెండూ పక్కపక్కన పెట్టి చూడు. నేనే అని తెలిసినాక, దించిన తాడును మళ్ళీ అటకెక్కించొద్దన్నా. అట్లే తీసుకుపోయి గిలకకు వెయ్యి.

మీ ఎడంచేతి తమ్ముడు,
క్రిష్టప్ప